పట్టికలో లేని ముక్కు

నా ఉద్యోగ జీవితంలో సగం బస్సులోనే గడిచింది. పొద్దున తిరుపతిలో ఎక్కడం, చిత్తూరులో దిగడం, సాయంత్రం మళ్ళీ అదే దారి. పూతలపట్టు వచ్చేసరికి కునుకు పట్టేది. ఎండాకాలంలో ఆ కునుకులోకి మామిడిపండ్ల వాసన వచ్చేది. కళ్ళు తెరిస్తే కిటికీ పక్కనే తోతాపురి కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల వైపు వరసగా కదులుతుండేవి. నిద్ర ఎక్కడ ఆగిందో, మెలకువ ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. పదవీ విరమణ చేసి కొన్నేళ్ళయింది. ఇప్పుడు మధ్యాహ్నం పూట కుర్చీలో కూర్చుని జోగుతుంటే ఆ వాసన మళ్ళీ వస్తుంది. ఇంట్లో ఒక్క పండు లేకపోయినా వస్తుంది. దాని వెంట ఒక మనిషి కూడా వస్తాడు. ఆయనకు మాత్రం ఏ వాసనా తెలియదు.

మాది కార్మికుల బీమా కార్యాలయం. మీలో కొందరు ఈ మధ్యనే అలాంటి చోట చేరి ఉంటారు. ఇప్పుడు కంప్యూటరే లెక్క కట్టి పెడుతోంది కాబట్టి లోపల ఏం జరుగుతుందో మీకు పట్టకపోవచ్చు. చెబుతాను, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి రోజుకు సగటున ఎంత కూలి వచ్చేదో ముందు చూస్తాం. అందులో పదోవంతు తీసేసి, మిగిలినది దెబ్బ మానేదాకా ఇస్తాం. మానిన తరవాత కూడా ఒంట్లో ఏదైనా శాశ్వతంగా పోయి ఉంటే, డాక్టర్ల బోర్డు కూర్చుంటుంది. అతని సంపాదించే శక్తి నూటికి ఎంత పోయిందో తేలుస్తుంది. ఆ శాతం ప్రకారం బతికినన్నాళ్ళూ నెలనెలా డబ్బు అందుతుంది. ఇంతే లెక్క.

ఆ శాతాలకు ఒక పట్టిక ఉంది. బొటనవేలికి ఇంత, చిటికెనవేలికి ఇంత, కంటికి ఇంత అని. చేరిన కొత్తలో అది చదివి నాకు అన్నం సహించలేదు. బస్సులో పక్కన కూర్చున్న ఆవిడ చేతులు చూసినా వేళ్ళ మీద అంకెలే కనబడేవి. మా ఆయన నా భయం చూసి, "నా తలకాయకు ఎంతిస్తారో కూడా చూసి పెట్టు" అని ఆటపట్టించేవారు. తరవాత అలవాటైపోయింది. మనిషికి అలవాటు కానిదంటూ ఏముంది?

మా కార్యాలయంలో ఒక పెద్ద గుమాస్తా ఉండేవాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. వెన్నలాంటి మనసు, గుప్పెట్లో నశ్యం డబ్బా, ఊరందరి కష్టమూ తనదే అనుకునే తత్వం. బోర్డు కూర్చునే రోజు పొద్దున్నే వచ్చి, ఆసుపత్రి ఎదుట టీ అంగడిలో మకాం పెట్టేవాడు. దెబ్బ తగిలిన కూలోళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని, డాక్టర్ల ముందు ఎలా మాట్లాడాలో చెప్పేవాడు. "నడుము నొప్పి ఉండాదా అంటే కొంచెమే అనొద్దు అప్పా. మన జనానికి ఉండే రోగమే అది. పానం పోతా ఉన్నా కొంచెమే అంటారు." అందులో నిజం లేకపోలేదు. మా వైపు మనుషులు డాక్టరును చూడగానే నొప్పి ఇంటి దగ్గర మరిచి వచ్చినట్టు నవ్వుతారు. పైసా తీసుకునేవాడు కాదు, టీ కూడా తానే ఇప్పించేవాడు. ఇది మా చిత్తూరులో ఎప్పటినుంచో నడిచే పద్ధతి. ఎవరూ తప్పనుకోలేదు, నేనూ అనుకోలేదు.

ఆ మనిషి సంగతికొస్తాను. బంగారుపాళ్యం దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు మాగబెట్టే గదులకు ఆయన పెద్ద. ఎండాకాలం మామిడి, తరవాత జామ, బొప్పాయి. ప్రమాదం జరిగిన తరవాత విచారణకని మా అధికారితో కలిసి నేనూ అక్కడికి వెళ్ళాను. మాగబెట్టే గదిలోకి అడుగుపెట్టిన క్షణం ఇప్పటికీ నా ఒంట్లో ఉంది. చీకటి, వెచ్చదనం, నేల నుంచి పైకప్పు దాకా ప్లాస్టిక్ పెట్టెలు, వాటి నిండా కాయలు. ఎక్కడో నీటిలోపల నిలబడ్డట్టు అనిపించింది. పచ్చి వాసన, తీపి వాసన, కొంచెం పులిసిన వాసన, ఒకదాని మీద ఒకటి తేలుతున్నాయి. నాకు ఆ మూడే తెలిశాయి. ఆయనకు ముప్పై తెలిసేవట.

"లైటు కూడా ఏసేవాడు కాదు మేడమ్" అన్నాడు అక్కడి సూపర్‌వైజరు. "వాకిట్లో నిలబడి, ఆ మూల రెండో వరస రేపు తియ్యాల, ఈ పక్కది ఇంకో దినం ఉండాల అనేవాడు. ఒక్క పొద్దూ తప్పలే. ఒక్క పెట్టె పులిసినా డ్రమ్ము గుజ్జంతా పాడైపోతాది గదా."

పక్కనున్న శీతల గిడ్డంగిలో ఒకరోజు అమ్మోనియా గొట్టం పగిలింది. లోపల చిక్కుకున్న ఆడమనుషుల్ని బయటికి లాగడానికి ఈయన లోపలికి పోయాడు. వాళ్ళంతా బతికారు. ఈయనా బతికాడు. గొంతు మానింది, కళ్ళు మానాయి. ముక్కు మాత్రం తిరిగి రాలేదు. ఫ్యాక్టరీవాళ్ళు ఆయన్ను తీసేయలేదు గానీ, పెట్టెలు మోసే పనికి మార్చారు. కూలి బాగా తగ్గిపోయింది.

మేం వెళ్ళిన రోజు ఆయన పెట్టెలు మోస్తున్నాడు. మాగబెట్టే గది ముందుకు వచ్చినప్పుడల్లా అడుగు నెమ్మదించి, తల ఒకసారి లోపలికి తిప్పేవాడు. సొంత ఇంటికి వేరేవాళ్ళు తాళం వేసుకుంటే మనిషి ఎలా చూస్తాడో అలా చూసేవాడు.

పట్టిక తీసి వెతికాను. కన్ను ఉంది, చెవి ఉంది, కాలివేళ్ళు కూడా ఉన్నాయి. వాసన పోతే ఇంత అని ఎక్కడా లేదు. పట్టికలో లేనివాటిని బోర్డే తూచి చెప్పాలి.

బోర్డు రోజున ఫైళ్ళు అందించే పని నాది కాబట్టి నేనా గదిలోనే ఉన్నాను. డాక్టరు మొదట కాఫీ పొడి సీసా ఆయన ముక్కు కింద పెట్టాడు. "తెల్దు సార్" అన్నాడు. కర్పూరం పెట్టాడు. "తెల్దు." తరవాత ఇంకో చిన్న సీసా మూత తీశాడు. ఆ ఘాటు బల్ల ఇవతలున్న నాకే తగిలింది. అమ్మోనియా. ఆయన తల చటుక్కున వెనక్కి పోయింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఇప్పుడేమైనా తెలిసిందా?"

"ఏమీ తెల్దు సార్."

"మంట కూడా లేదా?"

ఆయన నీళ్ళు కారుతున్న కళ్ళతోనే తలుపు వైపు చూశాడు. తలుపు అవతల మా పెద్ద గుమాస్తా నిలబడి ఉన్నాడు. "మంటా లేదు, ఏమీ లేదు సార్" అన్నాడు ఆయన.

డాక్టరు సీసా మూత బిగించి, ఇంకేమీ అడగకుండా పంపించేశాడు. ఆ సాయంత్రం బోర్డు మాట తెలిసింది. మనిషి నమ్మదగినవాడు కాదు, సంపాదించే శక్తి ఏమీ పోలేదు.

నాకు అర్థం కాక డాక్టరునే అడిగాను. ఆయన చిరాకు పడకుండా చెప్పాడు. వాసన తెలిపే నరం వేరట, మంట తెలిపే నరం వేరట. ముక్కు పూర్తిగా చచ్చిపోయినవాడికి కూడా అమ్మోనియా మండుతుంది, కళ్ళు నీళ్ళు పెట్టుకుంటాయి. మంట కూడా లేదన్నవాడు అబద్ధమాడుతున్నట్టే. "ఒక అబద్ధం దొరికాక మిగతావి నిజమని ఎలా రాయమంటారమ్మా?" అన్నాడు.

ఈ సంగతి మా గుమాస్తాకు చెప్పినప్పుడు టీ గ్లాసు ఆయన చేతిలోనే చల్లారిపోయింది. "ఏం పెట్టినా, ఏమడిగినా, ఏమీ తెల్దనే చెప్పు అబ్బా అని నేనే గదమ్మా చెప్పింది" అన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత మనం రోజూ వాడుతుంటాం. అది నిజంగా ఒక మనిషి ముఖంలో జరగడం నేను ఆ రోజు చూశాను. నశ్యం డబ్బా తీసి, పీల్చబోయి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. ముక్కున్నందుకు సిగ్గుపడినట్టు.

అప్పీలుకు వెళ్ళాలని గుమాస్తానే పట్టుబట్టాడు. ముక్కు పోయిన మనిషే వద్దన్నాడు. "పోనీ సార్, అబద్ధాలోడని ఒకసారి రాసినారు. రెండోసారి ఏల రాపించుకునేది?" అదీ ఆయన బాధ. డబ్బు తక్కువైతే పెట్టెలు మోసి బతుకుతాడు. కానీ బంగారుపాళ్యం జనానికి, తనకు తెలిసిన రైతులకు, ముఖ్యంగా ఇంట్లో భార్యకు, తను ముక్కు పోయినట్టు దొంగ వేషం వేశాడన్న మాట చేరితే ఎలా? గుమాస్తా రెండుసార్లు వాళ్ళ ఇంటికి వెళ్ళి బతిమాలాడు. రెండోసారి ఆ ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి, "ఆయన రాకపోతే నేను వస్తా, పాండి" అందట.

అప్పీలు విచారణ తిరుపతిలో. మేడ మీద గది, నెమ్మదిగా తిరిగే ఫ్యాను, కిటికీలోంచి దూరంగా కొండ. ఎండకు కొండ కూడా కరిగి కదులుతున్నట్టు ఉంది. నడుమ కుర్చీలో అప్పీలు వినే న్యాయాధికారి, అటూ ఇటూ ఇద్దరు డాక్టర్లు. నేను మా కార్యాలయం తరఫున, అంటే లెక్కకు ఎదుటి పక్షాన, కూర్చున్నాను. అటు ఆయన, పక్కన ఆయన భార్య. సన్నటి మనిషి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కళ్ళు నేల మీద పెట్టుకుని ఉంది.

"మంట తెలిసి కూడా లేదని ఎందుకు చెప్పావయ్యా?" అని న్యాయాధికారి అడిగాడు.

ఆయన నోరు విప్పలేదు. ఎవరు చెప్పమన్నారో చెప్పకూడదని పట్టుపట్టాడని నాకు తెలుస్తూనే ఉంది. చివరికి వెనక బెంచీలోంచి మా గుమాస్తా లేచాడు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి.

"నేను చెప్పమన్నాను సార్. ఆయనది తప్పు లేదు. నాకు నరాల సంగతి తెలియదు. మా ఊరోళ్ళు ఉన్న నొప్పి కూడా చెప్పుకోరని నా భయం. ఆ భయంతో నోటికి తాళం వేసినాను."

న్యాయాధికారి కోప్పడతాడనుకున్నాను. "సరే, కూర్చోండి. కానీ మీ మాట వల్ల ఈయన అబద్ధం ఎలా వచ్చిందో తెలిసింది గానీ, ముక్కు పోయిందో లేదో తెలియలేదు కదా. అది ఎవరు చెబుతారు?" అన్నాడు.

"నేను చెప్తా సామీ" అంది ఆ ఇంటావిడ.

తల ఎత్తలేదు. నేలతోనే మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది. "పెండ్లైన కాన్నుంచి ఈయనకొక అలవాటు. పని నుంచి వచ్చి, మోపెడ్ నిలిపి, వాకిట్లోనుంచే అరుస్తాడు, ఈ పొద్దు వంకాయ పులుసు గదే, ఈ పొద్దు ఉలవసారు గదే అని. ఒక్క దినమూ తప్పలే. నేను మూత పెట్టి దాసిపెట్టినా తప్పలే. ఆసుపత్రి నుంచి వచ్చినాక ఒక దినం అట్లనే అరిసినాడు, బెండకాయ పులుసా అని. నేను చేసింది పులగూర. కాదు అంటి. అంతే సామీ. తిన్నె మీద కూలబడినాడు. కూటికి లేయలే."

ఆమె కొంగు సర్దుకుని మళ్ళీ అందుకుంది.

"మరునాటి నుంచి ఏమన్నా ఔ అంటాంటి. పో, నీళ్ళు పోసుకోని రాపో అని పెరట్లోకి తోలి, ఆయనన్నది సేసేస్తాంటి. అంత బిరీన అయ్యేది కాదు. అందుకని ముందే మూడు నాలుగు రకాలు కొంచెం కొంచెం సేసి దాసిపెడతాంటి. ఏదంటే అది తీసి పెడతాంటి. మిగిలింది పక్కింటోళ్ళకిస్తాంటి. మీ ఇంట్లో దినామూ పెండ్లా అని వాళ్ళు నగుతాంటిరి." ఇక్కడ ఆగి కొంగుతో ముఖం తుడుచుకుంది. "అది కూడా బాగానే ఉన్నింది సామీ. ఈ మధ్య దినామూ పప్పే అంటాడు. పొద్దు మారినా పప్పే, కాలం మారినా పప్పే. ఈయన ముక్కే కాదు, లోపల మనిషి కూడా సచ్చిపోయినాడేమో అనుకుంటి. దానికే వచ్చినాను. డబ్బుకు కాదు."

అప్పుడు ఆయన మాట్లాడాడు. మాతో కాదు, ఆమెతో. మేమంతా ఆ గదిలో లేనట్టే మాట్లాడాడు.

"గిన్నెలు సూసినానే. పెరట్లో కడగడానికేసిన గిన్నెలు. ఇద్దరం తినేదానికి అన్ని గిన్నెలా అని ఒక పొద్దు అర్థమైపోయింది. నువ్వు పొయ్యి కాడ సచ్చిపోతాండావు. పప్పైతే నీకు కష్టం లేదు గదా అని పప్పే అంటాండా."

ఆమె మొదటిసారి తల ఎత్తి ఆయన్ను చూసింది. "తెలిసి కూడానా?" అంది.

"తెలిసే."

నేను ఎదుటి పక్షాన కూర్చున్నానని మరిచిపోయి ఏడ్చేశాను. నాకు సిగ్గేమీ లేదు. ఒక డాక్టరు కళ్ళజోడు తీసి అవసరం లేకుండా తుడిచాడు. మా గుమాస్తా రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కిటికీలో కొండ అలాగే ఎండలో ఊగుతోంది. ఆ కాసేపు నిజంగా ఎంతసేపో నాకు తెలియదు. కలలో కాలానికి కొలత ఉండదు కదా, అలాంటిదే అది.

తరవాత డాక్టర్లు మళ్ళీ సీసాలు తీశారు. కాఫీకి తెలియదన్నాడు, కర్పూరానికి తెలియదన్నాడు. అమ్మోనియా పెట్టగానే తల వెనక్కి లాక్కుని, "అబ్బా, మంట సార్! సెగ మాదిరి ఉండాది. వాసన మాత్రం తెల్దు" అన్నాడు. ఆ మంటకు ఆ గదిలో అందరం సంతోషపడ్డాం. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇంకో మెలిక మిగిలింది. ముక్కు లేకపోతే పెట్టెలు మోయలేడా, సంపాదించే శక్తి ఎక్కడ పోయింది అని రెండో డాక్టరు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఫ్యాక్టరీ సూపర్‌వైజరును పిలిచి అడిగారు. ఇరవై ఏళ్ళు ఒకే పని నేర్చుకుని దాంట్లో పెద్దైనవాడు, ఆ పని ముక్కుతోనే చేసేవాడు, ఇప్పుడు ఏ ఫ్యాక్టరీలోనూ ఆ గది తలుపు కూడా తెరవనివ్వరని అతను చెప్పాడు. ఒంట్లో ఏం పోయిందన్నది కాదు, దానితో ఏ బతుకు పోయిందన్నదే చూడాలని న్యాయాధికారి అన్నాడు. చివరికి ఒక శాతం తేలింది. గొప్ప శాతమేమీ కాదు. సున్నా మాత్రం కాదు. అబద్ధాలకోరు అన్న మాట కొట్టేశారు.

లెక్క కట్టే పని నాకే వచ్చింది. ఆయన కార్యాలయానికి వస్తే పక్కన కూర్చోబెట్టుకుని చేసి చూపించాను. ఇది నీ రోజు కూలి సగటు, ఇదిగో పదోవంతు తీసేశాను, మిగిలినదాంట్లో ఇదీ నీ శాతం. ఆయన అంతా విని అడిగాడు.

"ఇది వాసన పోయినందుకా మేడమ్, వాసన సూసే పని పోయినందుకా?"

"పని పోయినందుకే అబ్బా."

"మరి వాన పడినప్పుడు మన్ను వాసన, మా ఆడమనిషి పెట్టుకునే మల్లెపూలు, వాటికి?"

"వాటికి మా దగ్గర లెక్క లేదు."

"లేకపోవడమే మంచిది లే మేడమ్" అని నవ్వాడు. "ఉంటే మీ ఆఫీసు దివాలా తీస్తాది."

పిల్లలూ, లెక్క తప్పకుండా కట్టండి. ఒక్క రోజు కూలి కూడా వదలకుండా సగటు తీయండి. అది ఎవరి బియ్యమో, ఎవరి మందులో మీకు తెలియదు. కానీ ఆ మనిషి అడిగిన రెండో ప్రశ్న కూడా ఒక మూల ఉంచుకోండి. జవాబు దొరకదు. నాకూ దొరకలేదు. అయినా ఆ ప్రశ్న గుర్తున్నవాళ్ళు కౌంటరు కిటికీ అవతల నిలబడ్డ మనిషితో వేరేగా మాట్లాడతారు.

మా గుమాస్తా రిటైరయ్యేదాకా టీ అంగడి మకాం మానలేదు. పాఠం మాత్రం మారింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పండప్పా. మంట ఉంటే మంటనండి" అనేవాడు. నశ్యం మానేశాడు. ఎందుకన్నా అంటే మాట దాటేసేవాడు.

అలా డబ్బు పొందేవాళ్ళు బతికే ఉన్నామని ఏటా కాగితం ఇవ్వాలి. ఆయన ఆ పనికి మామిడి కాలంలోనే వచ్చేవాడు, సంచీలో నాలుగు కాయలతో. వద్దన్నా వినేవాడు కాదు. వాసన తెలియదు కాబట్టి వేలితో నొక్కి, చెవి దగ్గర తట్టి ఏరుకుని తెచ్చేవాడు. కొన్ని తియ్యగా ఉండేవి, కొన్ని ఉండేవి కావు.

నేను రిటైరయ్యే ఏడు కూడా వచ్చాడు. "ఇది మాగింది మేడమ్, నా ముందరే తినండి, పోతాండారంట గదా" అని చాకుతో ఒక ముక్క కోసి ఇచ్చాడు. నోట్లో పెట్టుకున్నాను. పుల్లటి పులుపు, చెవుల దాకా జివ్వుమంది. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. ముక్కు పోయాక ఆయన వాకిట్లోంచి ఏమని అరిచినా ఆ ఇల్లాలు ఔ అనేదన్న మాట గుర్తొచ్చింది. "చక్కెరే అబ్బా" అన్నాను.

ఆయన నా ముఖం వైపు కాసేపు చూశాడు. మెల్లగా నవ్వు మొదలై, భుజాలు ఊగేదాకా పోయింది.

"మా ఆడమనిషి మాదిరే చెప్తాండారే మేడమ్ మీరు కూడా! ఒక కన్ను మూసుకుపోయింది సూసుకోండి." మిగిలిన కాయలు సంచీలోంచి తీసి నా బల్ల మీద పెట్టాడు. "సరే పోనీ. పప్పులో ఏసుకోండి."

ఆ పూట మా ఇంట్లో మామిడికాయ పప్పే చేశాను.